ఉప్పు షావుకారింట చప్పిడి కూడు

అక్టోబరు 3, 1945. రాజాం

నిలబడుతున్నాను. పొద్దున్న పళ్ళు తోముకుంటూ నిశ్చయించేశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను, ఎందుకంటే డైరీవి, ఎదురు మాట్లాడవు.

పదకొండేళ్ళ కిందట ఢిల్లీ అసెంబ్లీకి నిలబడి ముప్ఫై ఏడు ఓట్లతో ఓడిపోయాను. ముప్ఫై ఏడు! సంత రోజున మా ఉప్పు కొట్టు ముందు అంతకన్న ఎక్కువమంది నిలబడి బేరాలాడతారు. ఆ తర్వాత ఇదిగో అదిగో అన్నారు, యుద్ధం అన్నారు, మళ్ళీ ఎన్నికలే పెట్టలేదు. ఇన్నాళ్ళకి పెడుతున్నారు. నాకు నలభై తొమ్మిది వచ్చాయి. ఇప్పుడు కాకపోతే ఇక లేదు.

ఉప్పు మీద పన్ను ఎంతో ఢిల్లీలో కూర్చుని నిర్ణయిస్తారు. వాళ్ళలో ఒక్కడైనా నౌపడ వచ్చి ఉప్పు మళ్ళల్లో దిగినవాడి కాళ్ళు చూశాడా? నేను చూశాను. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. అక్కడ లేచి చెప్పాల్సిన ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు. సీటొక్కటే రావాలి.

అక్టోబరు 5

ఇంట్లో చెప్పాను. బావ పోయి మా అప్ప నారాయణమ్మ పుట్టింటికి వచ్చేసినప్పట్నించి ఈ ఇంటి పెత్తనం ఆవిడదే. వక్కలు కత్తిరిస్తూ తలెత్తకుండా అంది:

"ఓలమ్మో, మళ్ళీనా? ఒకమాటు బోర్లా పడ్డావు, సాలదేట్రా?"

"ముప్ఫై ఏడు ఓట్లేనే అప్పా."

"ఆ ముప్ఫై ఏడూ పదకొండేళ్ళుగా సెవులారా ఇంతన్నాను. ఇంకేటైనా సెప్పు."

మా ఆవిడ చేతిలో మజ్జిగ చెంబుంది. కింద పెట్టింది, మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. "ఈమాటు తప్పకుండా వస్తాదండీ" అని లోపలికి వెళ్ళిపోయింది. నోట్లోంచి మాట ఊడిపడని మనిషి అంత మాట అన్నదంటే వచ్చేసినట్టే.

అక్టోబరు 9

నామినేషను వేసి వచ్చాను. ఎదుటివాడు ఒక్కడే. కాంగ్రెసువారి తరఫున విశాఖపట్నం వకీలు. రెండుసార్లు జైలుకి వెళ్ళొచ్చాడట, మొదటిసారి ఉప్పు వండినందుకే. వెళ్ళడం గొప్పే, కాదనను. కాని ఆయన వండిన ఉప్పులో సగం ఇసకేనని విన్నాను. అలాంటివాడు ఉప్పు గురించి ఢిల్లీలో ఏం మాట్లాడతాడు?

నాదే. సందేహం లేదు.

అక్టోబరు 14

వీధి పొడుగునా గోడల మీద నా పేరు, అరచెయ్యంత అక్షరాలతో. గుమాస్తా సోములు గంజి బాగా చిక్కగా కలిపి కాగితాలు అంటించాడు. మేకలు నాకేస్తున్నాయి.

అక్టోబరు 20

నౌపడ వెళ్ళి వచ్చాను. మళ్ళల్లో పనిచేసేవాళ్ళంతా చుట్టూ మూగి "మీకేనండి, మీకేనండి" అన్నారు. వాళ్ళెవరికీ ఓటు లేదు. పన్ను కట్టేంత భూమి ఉంటేనే ఓటు. అయినా మనసు నిండింది.

కొత్త ఉప్పు గుప్పెడు మూట కట్టి తెచ్చాను. మల్లెపువ్వులా ఉంది. మా ఆవిడకి చూపించి "కాస్త నాలిక మీద వేసుకు చూడు" అన్నాను. నవ్వి, మూట తీసుకెళ్ళి జాడీలో పోసింది. మరిచేపోయాను, ఆవిడ ఉప్పు తినదు. మొదట శనివారాలు చప్పిడి తినేది. తర్వాత ఏ రోజూ ఉప్పు ముట్టడం మానేసింది. ఎన్నేళ్ళో అయింది. ఏదో మొక్కట. ఆడవాళ్ళ మొక్కుల సంగతి అడగకూడదని అప్ప ఒకసారి గదిమింది, నేనూ అడగలేదు. ఉప్పు షావుకారు పెళ్ళాం చప్పిడి కూడు తింటుందని ఊరంతా నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

అక్టోబరు 28

గజపతినగరంలో మీటింగు. పెట్రోలు కరువుకి పెట్టిన బొగ్గు బస్సులో వెళ్ళేసరికి నేనూ సోములూ ఇద్దరం దొంగల్లా నల్లగా తయారయ్యాం. మొహం కడుక్కున్నా చెవుల్లో మసి వదల్లేదు. జనం బాగా వచ్చారు. సోములు గ్రామఫోను పెట్టాడు. నేను లేచి మాట్లాడుతూంటే కొందరు లేచి వెళ్ళారు. పశువులకి నీళ్ళు పెట్టే వేళ అయి ఉంటుంది.

సోములు తిరిగి వస్తూ, "ఆ కాంగ్రెసోల్ల మీటింగుకి గ్రామఫోను నేకపోయినా వచ్చీసినారండి జనం" అన్నాడు. వీడికి నోరెక్కువ.

నవంబరు 1

పక్కింటి కొత్త కోడలు ఇవాళ కాపురానికొచ్చింది. ఆడపడుచులు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి, మొగుడి పేరు చెబితేగాని లోపలికి రానివ్వమన్నారు. ఆ పిల్ల మెడ వంచుకుని అరగంట నిలబడింది. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

మా పెళ్ళప్పుడూ అంతే. ఆవిడకి పదకొండేళ్ళు, నాకు పదహారు. అప్ప ఇదే గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఆవిడ ఏం జంకలేదు. గడప అవతల నిలబడి, తల పైకెత్తి, గంట కొట్టినట్టు నా పేరు చెప్పింది, "వచ్చినాం, దారియ్యండి" అంది. అదొక్కసారే. మళ్ళీ ముప్ఫై మూడేళ్ళలో ఆ నోట నా పేరు వినలేదు. తర్వాత నన్ను అడిగారు. నేను సిగ్గుపడి, ఏదో గొణిగి, అప్ప చంక కింద నించి లోపలికి దూరిపోయాను.

సాయంత్రం అప్ప అంది: "మొగుడి పేరు ఊరికే పలికితే ఆయుస్సు తరుగుతాదిరా. గడప కాడ పలికితే మాత్రం పెరుగుతాది. అందుకే అక్కడ పలికిస్తారు." నా ఆయుష్షు అంతా ఆ ఒక్క రోజు సంపాదనే అన్నమాట.

నవంబరు 4

దీపావళి. కిరసనాయిలు లేదు, నూనె ఖరీదు చెప్పక్కర్లేదు. అప్ప నాలుగు ప్రమిదలు పెట్టి చాలు పొమ్మంది.

నవంబరు 8

ఊరవతల పొలాలున్న తాతమ్మ ఇంటికి వెళ్ళాను. డెబ్బయి దాటి ఉంటాయి. మొగుడు పోయాక భూమి ఆవిడ పేరున పడింది, అంచేత ఓటు ఉంది. నులకమంచం వాల్చి, మజ్జిగ ఇచ్చింది.

"తాతమ్మా, నీ ఓటు నాకే కదూ?"

"నీకేనయ్యా సావుకారుబాబూ. పోయినమాటూ నీకే ఎయ్యాలనొచ్చినాను. నోరు రానేదు."

"నోరు రాకపోవడమేమిటి?"

"మరేటి! సదువు నేనోల్లం. ఆ ఆపీసరుబాబు కాగితం ముందరెట్టుకొని ఎవులికో పేరు సెప్పమన్నాడు, సెప్తే తను గుర్తెడతానన్నాడు. నీ పేరులో మా ఇంటాయన పేరున్నాది. పోయినోడైనా మొగుడు మొగుడే గదా, ఎలాగ పలకమంతావు?"

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. "ఒక్క పేరు పలికితే కళ్ళు పోతాయా? మీ ఇలాంటి చాదస్తం వల్లేనే నేను ఓడిపోయింది!"

ముసలమ్మకి నాకన్న కోపం వచ్చింది.

"మమ్మల్నంతావేటి? అందరికన్నా ముందర నిల్సున్నది మీ ఇంటావిడ. ఆయమ్మే సెప్పనేక, నిల్సుని నిల్సుని, కల్లనీల్లెట్టుకొని బైటికొచ్చీసినాది. సావుకారు పెల్లానికే రాని నోరు మాకెలాగొస్తాది? ఒకలెనకాల ఒకలం అందరం ఇల్లకెల్లిపోనాం."

"అందరంటే ఎంతమంది?"

"గది నిండా ఉన్నాం బాబూ. నలబయ్యో, యాబయ్యో."

మజ్జిగ తాగలేకపోయాను.

నవంబరు 9

అడగలేదు.

నవంబరు 10

ఇవాళ కూడా అడగలేదు. మా ఆవిడ ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతోంది. ఈ చేతులే కదా ఆ రోజు ఇంటికొచ్చి పాయసం వండాయి, నేను గెలుస్తానని. నేను తాగాను. బాగుందన్నాను కూడా.

పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద రెండెకరాలు ఇచ్చారు, అందుకు ఆవిడకి ఓటు. ఆ ఓటు ఉందని నేను ఊరంతా గొప్ప చెప్పుకున్నాను. "మా ఇంట్లోనే రెండు ఓట్లు" అని.

పదకొండేళ్ళు ఒక్క మాట చెప్పలేదు.

నవంబరు 11

అడగలేదు. కోపంగా ఉంది. ఎవరి మీదో తెలీదు. సోముల్ని తిట్టాను.

నవంబరు 12

మధ్యాహ్నం పులుసులో ఉప్పు లేదు. మరిచిపోయినట్టుంది. మామూలు రోజయితే జాడీ తెమ్మనేవాణ్ణి. ఇవాళ కంచం తోసేశాను.

"ఉప్పు షావుకారు ఇంట్లో ఉప్పుకి కరువొచ్చిందా? నోట వేసుకు చూడకూడదూ? ఆ నోరు దేనికీ పనికిరాదా?"

ఆఖరి మాట అనాల్సింది కాదు. నోరు జారింది. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"తెలిసిపోయిందేటండీ మీకు?" అంది.

అప్ప వంటింటి గుమ్మంలోంచి చూసి, పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడకీ తెలుసన్నమాట.

అప్పుడు చెప్పింది. ఎప్పుడూ అంతసేపు మాట్లాడగా వినలేదు.

"అందరూ నన్నే సూస్తన్నారండి. ఆ ఆపీసరు అడిగినారు. పేరు పంటి దాకా వచ్చినాది. అప్పుడు మీకు జరం తగ్గి వారం రోజులే అయినాది, గ్యాపకం ఉందా? మనిషి ఇంకా పుల్లలాగ ఉన్నారు. పలికితే ఆయుస్సు తగ్గుతాదంటారు కదండీ. సీటు కావాలా, మీరు కావాలా అని నన్ను నేనే అడుక్కున్నాను. బైటికొచ్చీసినాను. నా ఎనకాల అందరూ వచ్చీస్తారని నాకు తెల్దు. ముప్ఫై ఏడు అని మీరంటే, నా గుండె ఆగిపోయినాది. పలకాల్సిన కాడ పలకని నోటికి ఉప్పెందుకండీ? మీరు ఢిల్లీ ఎల్లీదాకా ముట్టనని మొక్కుకున్నాను."

తోసేసిన కంచం దగ్గిరికి లాక్కుని, ఆ ఉప్పులేని పులుసే కలుపుకుని మొత్తం తిన్నాను. ఆవిడ విసురుతూ కూర్చుంది.

నవంబరు 13

చప్పిడి తినడం ఒక్క పూటకే నావల్ల కాలేదు. మరి పదకొండేళ్ళు!

ఊళ్ళో ప్రతివాడికీ, దారిన పోయే ప్రతివాడికీ ముప్ఫై ఏడు, ముప్ఫై ఏడు అని చెబుతూ తిరిగాను. ఆవిడ వింటూ మజ్జిగ పోసేది. నా మీద ఇంత ప్రేమ ఒక మనిషి కడుపులో పెట్టుకుని తిరుగుతోందని నాకు తెలీనే తెలీదు. తెలిస్తే ఏం చేసేవాణ్ణో. బహుశా మురిసిపోయి అది కూడా ఊరంతా చెప్పేవాణ్ణి.

ఇప్పుడు గెలవాలి. ఢిల్లీ కోసం కాదు. పన్ను కోసం కూడా కాదు, నీ దగ్గిర దాపరికమెందుకు. ఆవిడ మళ్ళీ ఉప్పు తినాలి.

నవంబరు 15

పలక కొన్నాను. అక్షరాలు వస్తే కాగితం మీద నా పేరు తనే చూసుకుని తనే గుర్తు పెట్టొచ్చు, నోటితో పనే లేదు. నా తెలివికి నేనే భుజం తట్టుకున్నాను. పలక మీద నా పేరు పెద్దగా రాసి, దిద్దమన్నాను. బలపం పట్టుకుంది గాని దిద్దదు.

"ఏమే, చెయ్యి రావటం లేదా?"

"దిద్దితే, తర్వాత తుడిచెయ్యాలి కదండీ?"

"తుడవాలి మరి."

"మీ పేరు నా సేత్తో తుడుస్తానేటండీ?" అని పలక కింద పెట్టేసింది.

ఆ పలక అలాగే గూట్లో ఉంది, నా పేరుతో. నేనూ తుడవలేదు.

నవంబరు 17

పోలింగు ఆఫీసరు వచ్చాడు, కాకినాడ వైపు మనిషి, కుర్రాడు. మర్యాదస్తుడే. "ఆడవాళ్ళు ఉప్పు షావుకారు అని చెబితే చాలదా?" అని అడిగాను. "చాలదండి, కాగితం మీదున్న పేరు చెప్పాల్సిందే. ఊళ్ళో షావుకార్లు ఎంతమంది ఉంటారో నాకేం తెలుసు?" అన్నాడు. నిజమే.

నవంబరు 19

పొద్దున్న ఆవిడతో చెప్పాను: "నువ్వు ఓటుకి వెళ్ళొద్దు. ఒక్క ఓటు లేకపోతే మునిగిపోను. మళ్ళీ అందరి ముందూ నిలబడి ఏడవడమెందుకు?"

ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"ఓటు నాదండి" అంది.

"అవుననుకో."

"అయితే ఎల్తాను. అడ్డెయ్యకండి."

ముప్ఫై మూడేళ్ళలో నాకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. బావుంది కూడా.

నవంబరు 22

అప్పా ఆవిడా వంటింట్లో గుసగుసలు. నేను వెళ్తే ఆపేస్తారు.

నవంబరు 26

పోలింగు అయింది. అర్ధరాత్రి కావస్తోంది. అయినా జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

బళ్ళో ఆడవాళ్ళకి వేరే గది. అభ్యర్థిని కనక లోపల కూర్చోవచ్చు. నాకెదురుగా కాంగ్రెసువారి ఏజంటు గంగరాజు, ఖద్దరు టోపీ, నలభై రెండులో జైలుకి వెళ్ళొచ్చిన పిల్లవాడు. మధ్యన బల్ల దగ్గిర ఆఫీసరు. గది గోడ వారన ఆడవాళ్ళు బారు తీరి ఉన్నారు. అందరికన్న ముందు మా ఆవిడ. ఆకుపచ్చ చీర, నుదుట కాసంత బొట్టు. వెనకాల తాతమ్మ.

"ఎవరికమ్మా మీ ఓటు?" అన్నాడు ఆఫీసరు.

ఆవిడ మాట్లాడలేదు. ఆఫీసరు మళ్ళీ అడిగాడు. నేను నా చెప్పుల కేసి చూస్తూ కూర్చున్నాను. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మూడోసారి అడిగాడు. ఆవిడ గిరుక్కున తిరిగి గుమ్మం కేసి నడిచింది.

అయిపోయిందనుకున్నాను. మళ్ళీ అదే. పోనీలే, ఓట్లు పోతే పోయాయి, ఇవాళ్టి నుంచి నేనూ చప్పిడే తింటాను, ఇద్దరం కలిసే తింటాం అనుకున్నాను. దేవుడి సాక్షిగా అలాగే అనుకున్నాను.

ఆవిడ గడప దాటింది. దాటి, ఆగింది. ఇటు తిరిగింది. ద్వారబంధం మీద చెయ్యేసి, తల పైకెత్తి, పదకొండేళ్ళ పిల్ల గొంతుతో, గంట కొట్టినట్టు అంది:

"సీతారామారావు గారూ, నేనూ వచ్చినాం. దారియ్యండి!"

గంగరాజు లేచి నిలబడ్డాడు. "ఇదేం ఓటండీ? ఓటు రహస్యంగా ఉండాలి. ఊరంతా వినేలాగ అరిస్తే చెల్లదు, కొట్టెయ్యండి!"

ఆఫీసరు కలం ఎత్తి పట్టుకుని ఆవిడ కేసి చూశాడు. "అమ్మా, ఇది ఓటేనా? లేకపోతే గృహప్రవేశమా?"

"ఓటేనండి."

"సరే, ఆవిడ రహస్యం ఆవిడిష్టం. ఎవరికి చెప్పుకుంటే మనకేం?" అని గుర్తు పెట్టేశాడు.

ఆవిడ లోపలికి వచ్చి, కాగితం మడిచి పెట్టెలో వేసి, నా కేసి చూడకుండా వెళ్ళిపోయింది.

తర్వాత తాతమ్మ కూడా బల్ల దగ్గిరికి పోలేదు. తిన్నగా గుమ్మం బైటికి వెళ్ళి నిలబడి, "సీతా..." అని ఆగి, కళ్ళు మూసుకుని, "రావుడు" అంది. ఆఫీసరు అర్థం చేసుకున్నాడు. "యాబై ఏళ్ళయిపోనాది బాబూ ఈ మాటని" అని పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ మాట నా గురించి కాదని నాకు తెలుసు. నాకూ కళ్ళు తడిశాయి.

ఇక అందరూ అంతే. ఒకరి తర్వాత ఒకరు గడప బైట నిలబడడం, పేరు చెప్పడం, నవ్వుకుంటూ లోపలికి రావడం. మధ్యలో కొందరు వకీలు పేరు కూడా గట్టిగా చెప్పారు. అప్పుడు గంగరాజు రహస్యం మాట ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక ఆవిణ్ణి మళ్ళీ ఒక్కసారి అనమన్నాను. "ఏటి మీ వేళాకోళం" అని పెరట్లోకి పారిపోయింది.

నవంబరు 27

సీతారామారావు. మంచి పేరే.

డిసెంబరు 3

లెక్కింపుకి రేపు విశాఖపట్నం వెళ్తున్నాను. గెలుస్తాను. గెలవాలి. ఆవిడ నా పంచెలు మడత పెడుతూ, "ఈమాటు నా వల్ల అయితే పోదండీ" అంది. ఆ మాట వేళ్ళాడుతోంది మనసులో. పోతే మళ్ళీ తన మీదే వేసుకుంటుంది. ఏదో ఒక లెక్క తీస్తుంది, ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది అనుకుంటుంది. ఆ మొక్కు ఇక చచ్చేదాకా వదలదు.

డిసెంబరు 6

ఓడిపోయాను.

ముప్ఫై ఏడు కాదు. పన్నెండు వేల చిల్లర. ఆ చిల్లర ఒక్కటే పాత ముప్ఫై ఏడుకి ఎన్ని రెట్లో, చూసుకోలేదు. వకీలు వచ్చి నా చెయ్యి పట్టుకుని, "షావుకారుగారూ, ఉప్పు పన్ను సంగతి నాకు చెప్పండి, అక్కడ నేను మాట్లాడతాను" అన్నాడు. మనసు నొచ్చుకుందామనుకున్నాను గాని కుదరలేదు. మంచివాడే. జనం పిచ్చివాళ్ళు కాదు. వాళ్ళకి కావాల్సింది ఉప్పు గురించి తెలిసినవాడు కాదు, వాళ్ళ కోసం జైలుకి పోయినవాడు. యుద్ధం నడిచిన ఆరేళ్ళూ నేను కొట్లో కూర్చుని మూటలు తూచాను. ఇది గజపతినగరంలోనే సోములుకి తెలిసిపోయింది, నాకు తెలీలేదు.

బొగ్గు బస్సులో తిరుగుదారంతా ఒకటే బెంగ. ఢిల్లీ కాదు. ఆవిడ కంచం.

సాయంత్రం దిగాను. సోములు నా సంచి పట్టుకుని నాలుగడుగులు వెనకగా వచ్చాడు. కబురు ముందే చేరినట్టుంది, వీధిలో ఎవరూ పలకరించలేదు. మా ఇంటి గుమ్మంలో అప్ప, ద్వారబంధానికి అడ్డంగా చేతికర్ర పెట్టి నిలబడి ఉంది. ఆవిడ వెనకాల మా ఆవిడ. మొహం పాలిపోయి ఉంది.

"ఎన్ని ఓట్లతో పోయిందండీ?" అంది.

తగ్గించి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. అలవాటు.

"పన్నెండు వేల పైన" అన్నాను.

"ఎంత?"

"పన్నెండు వేలు."

నోటి మీద చెయ్యేసుకుంది. వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుంది. ఆ లెక్క వేళ్ళకి అందేది కాదు.

"అయితేనండీ... అది ఒక గదిలో ఆడోళ్ళ వల్ల అయ్యేపని కాదు కదండీ?"

"రాజాంలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ, నా కాగితాలు నాకిన మేకలూ అందరూ కలిసినా అయ్యేపని కాదు."

ఆవిడ మొహంలో ఏదో కదిలింది. ముందు పెదవులు, తర్వాత కళ్ళు. నవ్వింది. పన్నెండు వేల ఓట్లతో ఓడిపోయి వచ్చిన మొగుణ్ణి చూసి, తలుపు పట్టుకుని, పగలబడి నవ్వింది. అంత నవ్వు ఆ మొహంలో చూసి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకుంటే పదకొండేళ్ళే అవుతుంది. ఓడితే ఓడాను గాని ఎంత బాగా ఓడాను!

నేను లోపలికి అడుగు పెట్టబోయాను. అప్ప కర్ర తియ్యలేదు.

"ఆ నోరు సెప్పాల్సింది సెప్పీసినాది. దాని మొక్కు తీరిపోనాది, నేను సెప్తన్నాను. ఇంక నీ బాకీ ఉంది. ఆ రోజు నా సంక కిందనించి దూరిపోనావు. పెల్లాం పేరు సెప్పి రా."

"అప్పా, వీధిలో ఉన్నాం."

"అది బల్లో అందరి ముందర సెప్పినాది."

వెనకాల సోములు దగ్గాడు. ఎదురింటి అరుగు మీద ఎవరో చేరారు. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి, ఢిల్లీకి వెళ్ళాల్సినవాణ్ణి, ఆరు వందల ఉపన్యాసాలు చెయ్యగలిగినవాణ్ణి, చెప్పుల దుమ్ము దులపడం మొదలెట్టాను. 'ఏమే', 'ఇదిగో', 'నిన్నే' - ముప్ఫై మూడేళ్ళూ వీటితోనే గడిపేశాను. పంటి దాకా వచ్చి ఆగడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

గడప ఇవతల నిలబడ్డాను. ద్వారబంధం మీద చెయ్యేశాను.

"లక్ష్మీనరసమ్మా, నేనూ వచ్చాం. దారియ్యండి."

ఈ డైరీలో కూడా ఆ పేరు ఇదే మొదటిసారి రాయడం. లక్ష్మీనరసమ్మ. అప్ప కర్ర తీసింది.

భోజనానికి నేను కూర్చోలేదు. ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టాను. నౌపడ నుంచి తెచ్చిన ఉప్పు జాడీలోంచి నేనే తీసి కంచం అంచున పెట్టాను. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తర్వాత చారన్నంలో కూడా ఉప్పు నేనే కలిపాను.

"ఎక్కువేసీసినారండీ" అంది.

అని, మొత్తం తినేసింది.